తలనొప్పి కాదు

ఆదివారం రాత్రి, ప్రొద్దుటూరు

ఈరోజు జమ్మలమడుగులో ఆటిస్టిక్ పిల్లల తల్లిదండ్రుల మీటింగు. మైకు పట్టుకున్నాయన నన్ను ‘ఆటిజంతో బాధపడుతున్న అమ్మాయి’ అని పరిచయం చేశాడు. నేను లేచి, “నాకు ఆటిజంతో బాధేం లేదు సార్, మీ మైకు కూతతోనే బాధ. ఆటిస్టిక్ అనండి, చాలు” అన్నాను. అంతమందిలో చెప్పేశాను!

అందరూ చప్పట్లు కొట్టారు, షాహీనక్క తప్ప. ఆమె కూతురికి మాటలు రావు.

“నీకు నోరుండాది, చెప్పుకుంటాండావు. నా బిడ్డ దినామూ చెయ్యి కొరుక్కుంటాది. అది బాధ గాకపోతే ఇంకేంది? ఆ మాట గూడా అనొద్దంటావా?” అంది.

నన్నేమనాలో నేనే చెప్తాను, అందులో వెనక్కి తగ్గను. కానీ ఆ పాపనేమనాలో నాకేం తెలుసు? వాళ్ళమ్మకైనా తెలుసా? పాపనే అడగాలంటే ఎట్లా అడగాలి...

తిరుగు బస్సులో హెడ్‌ఫోన్లు పెట్టుకొని ముందుకూ వెనక్కూ ఊగుతున్నాను. పక్క సీటామె మా అమ్మను, “పాపకేమయిందిమా?” అని అడగడం హెడ్‌ఫోన్లు దాటి వినిపించింది. ఇన్నేళ్ళూ ఎవరడిగినా అమ్మది ఒకటే జవాబు: తలనొప్పి. ఆ మాట కోసమే చూస్తున్నాను.

“ఏం గాలేదు. మా పాప ఆటిస్టిక్. సద్దు పడదు, అందుకే ఊగుతాంది” అంది అమ్మ.

“అంటే ఏంది?” అందామె.

అమ్మ ప్రొద్దుటూరు వచ్చేదాకా చెప్తూనే ఉంది. అందులో సగం తప్పులే. ఎవరి తప్పూ వదిలిపెట్టని నేను, ఒక్కటి కూడా దిద్దలేదు.