బసవేశ్వరరావుకి పంపిన చేపలు

రేపల్లె, 9 జనవరి 1972

తొట్టిలో మూడో తరం కొర్రమీను పిల్లలు పుట్టాయి. సగానికి సగం వంకర. వెన్ను కొడవలిలా తిరిగింది. ఒకదానికి ఒక పక్క కన్నే లేదు.

పడమటి కొండల్లో సీసం గని కడిగిన నీళ్ళు వాగులో పడి, కాలవలెక్కి, మా పొలాల డ్రెయిన్లలోకి దిగుతున్నాయి. నేను డ్రెయినులో పట్టించింది వీటి తాతల్ని మాత్రమే. ఈ పిల్లలు పుట్టిందీ పెరిగిందీ మా బావినీళ్ళలో. అయినా వంకర పోలేదు. విషం విత్తనంలోకి దిగింది.

చాలా సంతోషం వేసింది. మారు వడ్డించుకుని తిన్నాను.

16 జనవరి, రాత్రి 8

తెనాలిలో రైతుల మీటింగు. గని నీళ్ళ మీద వేసిన కమిటీకి అధ్యక్షుడెవరు? బసవేశ్వరరావు. బాపట్ల కాలేజీలో నా కింద డిమాన్‌స్ట్రేటరు. నా స్లైడ్లు, నా క్రోమోజోము బొమ్మలు తన పేరుతో అచ్చు వేయించుకుని డాక్టరయ్యాడు. నేను లెక్చరరుగానే రిటైరయ్యాను.

నీళ్ళ వల్ల భయమేం లేదన్నాడు. వెనక నుంచి ఎవడో, అయితే మా డ్రెయిను చేప తవరు తింటారాండీ అని అరిచాడు. ఎందుకు తిననయ్యా, పులుసు పెట్టి పిలువు, ముల్లు కూడా వదలనన్నాడు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను.

17 జనవరి

తినిపిస్తాను.

చేపలమ్మే జ్ఞానమ్మతో మాట్లాడాను. ప్రతి ఆదివారం డ్రెయిను కొర్రమీను, బతికున్నది, బిందెలో వేసుకుని తెనాలి పాసింజరులో వెళ్ళి అతని ఇంట్లో ఇచ్చి రావాలి. ఆగస్టులో కమిటీ ఆఖరి మీటింగు. అందరి ముందు నా వంకర పిల్లల్ని బల్ల మీద పెట్టి, అధ్యక్షులవారి రక్తంలో సీసం ఎంతుందో పరీక్ష చేయించండంటాను. అతని సర్టిఫికెట్టుకి అతని ఒళ్ళే జవాబు చెబుతుంది.

30 జనవరి

బసవేశ్వరరావు జ్ఞానమ్మతో కబురంపాడు. మాస్టారి మనసు ఇన్నాళ్ళకి మెత్తబడింది, నా నమస్కారాలు చెప్పమ్మా అన్నాడట. చదువు ఎంత పెరిగినా మనిషికి తెలివి పెరగదు.

5 మార్చి

జ్ఞానమ్మ బిందె దించి, అయ్యా, ఈ మధ్య వలలో గూని చేపలు పడతన్నాయండీ, తినొచ్చాండీ అంది. నిటారువి అమ్ముకో అన్నాను.

ఇప్పుడే నిజం చెబితే ఊరు తినడం మానేస్తుంది. ఊరు మానేస్తే అతనూ మానేస్తాడు. ఊరు ఎన్నడైనా నా మాట విన్నదా? ఆగస్టుదాకా తిననీ.

2 ఏప్రిల్

శకుంతలకి ఐదో నెలట. బజారులో ఎవరో చెప్పారు. నా కూతురే. మిషన్ స్కూలు టీచరు జార్జిని చేసుకుని తెనాలిలో కాపురం పెట్టింది. ఆనాటి నుంచి ఈ గడప తొక్కనివ్వలేదు. ఐదో నెలైతే నాకేం?

18 జూన్

ఉక్క. తొట్టిలో రెండు చచ్చాయి. స్పిరిట్లో వేశాను.

30 జూలై, సాయంత్రం

జ్ఞానమ్మ తెనాలి నుంచి నేరుగా ఇక్కడికే వచ్చింది. నవ్వు ఆపుకోలేకపోతోంది.

అయ్యా, కోప్పడనంటే ఓ మాట చెప్తానండీ అంది. చెప్పు అన్నాను. ఆ చేపలు ఆయన ఒక్కటీ తిన్లేదండీ అంది.

బతికున్న కొర్రమీను నాలాంటి దున్నపోతుకెందుకమ్మా, వట్టి మనుషులు కాని వాళ్ళుండగా నేను తింటే పాపం కదూ, మాస్టారి అమ్మాయి ఈ వీధి చివరే ఉంది, ఇచ్చిరా, నాన్నగారు పంపారని చెప్పు అన్నాడట. మొదటి ఆదివారం నుంచీ.

మీకు చెప్తే మానిపిస్తారని నేనే నోరు మూసుకున్నానండీ, మీ కోపం నాకు తెలవదా అంది. మొదటిసారి బిందె చూసి అమ్మాయిగారు ఒకటే ఏడుపండీ. మా నాన్న పంపాడని పులుసు ఎవరికీ పెట్టకుండా తనే తినేదంట. ఒళ్ళు చేసిందండీ, మొహం ఎంత కళగా ఉందో అంది.

బలహీనంగా ఉన్నవాళ్ళకే కొర్రమీను పంపుతారని మా ఇళ్ళలో పసివాళ్ళకి కూడా తెలుసు. నేను మా అమ్మ కడుపులో ఉన్నప్పుడు నాలుగు ఊళ్ళ నుంచి వచ్చేవట.

ఇక తీసుకెళ్ళొద్దన్నాను. చూశారా, అందుకే చెప్పలేదండీ అంది జ్ఞానమ్మ.

31 జూలై

ఆరు నెలలు.

20 ఆగస్టు

బాపట్లలో కమిటీ మీటింగు. వంకర పిల్లల సీసాలు సంచీలో ఉన్నాయి. బసవేశ్వరరావు లేచి, మా మాస్టారున్నారు, వారి మాట కూడా విందాం అన్నాడు. నేను నోరు విప్పితే పేపర్లో పడుతుంది. నాకు జనవరి నుంచే తెలుసని శకుంతల చదువుతుంది.

చెప్పడానికేమీ లేదన్నాను. నీళ్ళు మంచివని తీర్మానం రాసుకున్నారు. అతను నా చేయి పట్టుకుని మెట్లు దింపాడు. చేప పంపడం ఆపారేం మాస్టారూ, అమ్మాయి ఎదురుచూస్తోందన్నాడు. అతన్ని ఇంతకు ముందెన్నడూ ఇంతగా ద్వేషించలేదు.

10 సెప్టెంబరు

ఆడపిల్ల. జార్జి వచ్చి వీధిలోనే నిలబడి చెప్పాడు. అంతా బాగానే ఉందటండీ అన్నాడు. డాక్టరు వెన్ను తడిమి చూశాడా అని అడగబోయి, సరే అన్నాను.

3 డిసెంబరు

పిల్లను చూపించడానికి తెచ్చారు. తలుపు తీయలేదు. చాలాసేపు అరుగు మీద కూర్చున్నారు. పిల్ల పాలకి ఏడ్చింది. మతం మీద కోపం ఇంకా చావలేదు, పద, అంది శకుంతల మొగుడితో.

అలాగే అనుకోనీ.