మూర్తి గారి వీక్లీ ఎటువైపు?

జూన్ 7

పాత సంచికలు వచ్చాయి. రెండు అట్టపెట్టెలు, ఆటోలో. వెనకే ఎడిటర్ మూర్తి గారి ఫోన్ — “వసుంధర గారూ, మా వీక్లీ ఒక పార్టీకి కొమ్ము కాస్తోందని ఊరంతా అంటున్నారు. మీరు పొలిటికల్ సైన్స్ చెప్తారు, ఎవరి మనిషీ కాదు. ఈ ఏడాది సంచికలన్నీ చదివి ఒక పేజీ రాసివ్వండి. మీరు రాసింది అక్షరం మార్చకుండా వేస్తాను.”

తన మీద తనే తీర్పు అడిగే ఎడిటర్ ఉంటాడా? ఎందుకు అడిగినట్టు... సరేనన్నాను. కాలేజీ తెరిచేదాకా ఖాళీయే.

జూన్ 9

క్రియలు చూస్తున్నాను. అధికార పక్షం నాయకుడు “స్పష్టం చేశారు”, “వెల్లడించారు”. ప్రతిపక్షం ఆయన “చెప్పుకొచ్చారు”, “అక్కసు వెళ్ళగక్కారు”. ఒకరిచ్చేది హామీ, మరొకరు వేసేది ఎర. ఫొటోలూ అంతే. ఒకాయనను కింద నుంచి తీస్తారు, వెనక ఆకాశం. రెండో ఆయన నోరు ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

తేలికగానే తేలేట్టుంది.

జూన్ 10

తేలదు. ఫిబ్రవరిలో రెండు సంచికల్లో అంతా తారుమారు. ఆకాశం ప్రతిపక్షం ఆయన వెనకకు వచ్చింది. ఎందుకు? ఆ రెండు వారాలూ వెనక అట్ట మీద ఒకే రియల్ ఎస్టేట్ వెంచర్ ప్రకటన. ఆ వెంచర్ ఎవరిదో కనుక్కోవాలి.

జూన్ 12

కనుక్కున్నాను. గుంటూరు వాళ్ళదట. ఏ పార్టీ వాళ్ళూ కాదట.

అట.

జూన్ 13

ఆసుపత్రుల మీద వ్యాసం మా ఆయన చేతికిచ్చాను. మందుల ఏజెన్సీ మనిషి, ఆ సంగతులు తెలుసు. కాఫీ తాగుతూ చదివి పక్కన పడేశారు. “పూర్తిగా గవర్నమెంటుకి అమ్ముడుపోయాడు.”

అదే వ్యాసం మా కాలేజీ హిస్టరీ సుజాతకు పంపాను. మధ్యాహ్నం ఫోన్. “ఇదేంటి మేడమ్, గవర్నమెంటు మీద ఇంత విషమా? ప్రతిపక్షం వాళ్ళు దగ్గర కూర్చుని రాయించినట్టుంది.”

ఇద్దరూ వేలు పెట్టి చూపింది ఒకే పేరాని.

జూన్ 14

సాయంత్రం ఆయనతో వాదన. “వ్యాసం ఏం చదువుతావ్ వసూ? మూర్తి ఇంటిపేరు చూడు, చాలు.”

“రేపు నా పేజీనీ అట్టాగే చదువుతారా?”

“నీ పుట్టింటి పేరు చూసి కొందరు, అత్తింటి పేరు చూసి కొందరు. రాసింది ఎవడు చూస్తాడు?”

నవ్వుతూనే అన్నారు. నాకు నవ్వు రాలేదు.

జూన్ 19

కొత్త సంచిక. లోపల పేజీ తిప్పగానే — తమ్ముడు! శీను. మన చేలగట్టు మీద నిలబడి. పైన పెద్ద అక్షరాలు, ‘శివారు చేలకూ నిండుగా నీళ్ళు’. కింద వాడి మాట: “కాలవ నిండుగా వస్తోంది. ఈసారి సార్వా నాట్లకు ఏ ఇబ్బందీ లేదు.”

మొన్ననే కదా ఫోన్లో ఏడ్చినంత పని చేశాడు. ఆకుమడి నెర్రెలిచ్చిందక్కా, చుక్క రావట్లేదక్కా అని.

వెంటనే వాడికి ఫోన్ చేశాను. “నేనట్టా అన్లేదక్కా. వాళ్ళే రాసుకున్నారు.”

దొరికారు. ఇక క్రియలూ ఫొటోలూ అక్కర్లేదు. అనని మాట రైతు నోట్లో పెట్టారు.

జూన్ 20

గవర్నర్‌పేటలో వీక్లీ ఆఫీసు. పేజీ మూర్తి గారి బల్ల మీద పెట్టాను. “ఈయన మా తమ్ముడు. ఈ మాట అనలేదంటున్నాడు.”

ఆయన ముఖంలో ఏమీ మారలేదు. ఆ వార్త రాసిన అమ్మాయిని పిలిచారు. స్వప్న, మా విద్యార్థుల కంటే పెద్దగా ఏమీ ఉండదు. ఫోన్ తీసి రికార్డింగు వినిపించింది. శీను గొంతే. “కాలవ నిండుగానే వస్తోందండీ... ఈసారి సార్వా నాట్లకు ఏ ఇబ్బందీ లేదండీ.”

క్షమించమన్నాను. మూర్తి గారు టీ తెప్పించారు. “అనుమానించడమే మీకిచ్చిన పని వసుంధర గారూ” అన్నారు. ఆ మర్యాద మరీ గుచ్చుకుంది.

మెట్లు దిగుతుంటే స్వప్న వెనకే వచ్చింది. “మేడమ్, ఆయన మాట్లాడుతున్నంతసేపూ పక్కన ఒక పెద్దాయన నిలబడే ఉన్నారండీ. మీ తమ్ముడు గారు ఆయన వంక చూసి చూసి చెప్పారు. అది కూడా రాశానండీ నేను. ఎడిటింగ్ డెస్కులో తీసేశారు.”

“ఎవరు తీశారు?”

“తెలీదండీ. నేను చెప్పానని మాత్రం అనకండి.”

జూన్ 21

ఫోన్ చేసి అడిగాను, ఆ వార్తలో ఏమైనా తీశారా అని. మూర్తి గారు — “స్థలం చాలక ఉంటుందండీ. పేజీ కట్టేటప్పుడు కింద నుంచి కోస్తారు.”

నిజమే కావచ్చు. అదే పేజీలో కాలవ ఫొటో మూడు కాలమ్‌ల వెడల్పున ఉంది.

జూన్ 22

బెంజి సర్కిల్లో బస్సెక్కి కంకిపాడు. అక్కడి నుంచి ఊళ్ళోకి ఆటో. ఇంటికి పోకుండా నేరుగా చేలోకి. ఆకుమడి కళ్ళారా చూశాను. పసుపు పచ్చగా, అంచుల్లో మాడి. చేలోకి వచ్చే బోదె కాలవలో అడుగున తడి మాత్రం.

శీను నా వంక చూడడం లేదు.

“నీ గొంతు విన్నానురా.”

మట్టి గిల్లుతూ చెప్పాడు. “నీటి సంఘం ప్రెసిడెంటు పక్కనే నుంచున్నాడక్కా. ఆడు తూము షట్టరు ఎత్తితేనే మనకి నీళ్ళ వంతు. ఆడి ముందు నీళ్ళు రావట్లేదని ఎట్టా అంటాను?”

“మరి నాకెందుకు అబద్ధం చెప్పావు?”

“నీకు నిజం చెప్తే నువ్వు రాస్తావు.” తల ఎత్తాడు. “రాయమాక అక్కా. నువ్వు బెజవాడ వెళ్ళిపోతావు. రేపు పొద్దున ఆడి ముఖం చూడాల్సింది నేను.”

మరదలు అన్నం తినకుండా కదలనివ్వలేదు. గోంగూర, మజ్జిగపులుసు.

జూన్ 24

రాయకపోతే నా తీర్పు అబద్ధం. రాస్తే వాడి మడి ఎండుతుంది. ఇంకో సందేహం కూడా తొలుస్తోంది... ఇంత డెల్టాలో ఇంతమంది రైతులుండగా మా తమ్ముడి దగ్గరకే ఎందుకు వెళ్ళారు?

జూన్ 25

స్వప్నను అడిగాను. “నంబరు ఎడిటర్ గారే ఇచ్చారండీ.”

మూర్తి గారికి శీను నంబరు ఎక్కడిది?

జూన్ 26

ఇంట్లోనే దొరికింది జవాబు. మా ఆయన, ఏమీ కానట్టు — “నేనే ఇచ్చాను. కంకిపాడు వైపు తెలిసిన రైతెవరైనా ఉన్నారా అని మూర్తి అడిగాడు.”

“ఎప్పుడు? నాకు పెట్టెలు పంపకముందా, తర్వాతా?”

“గుర్తులేదు. ఏం, అంత ముఖ్యమా?”

ముఖ్యమే. ముందైతే మామూలు సంగతి. తర్వాతైతే నా చేతులు కట్టడానికే మూర్తి గారు స్వప్నను శీను దగ్గరకు పంపారు. మా ఆయన ముఖంలోకి చూశాను. నిజంగానే గుర్తులేదా? ఇరవై ఏళ్ళు కాపురం చేసిన మనిషిని ఇలా చూస్తానని ఎప్పుడూ అనుకోలేదు.

జూన్ 28

మూర్తి గారి ఫోన్. పేజీ ఎప్పుడిస్తారని. తర్వాత మెల్లగా — “కాలవ వార్త జోలికి పోకపోతే మంచిదేమో. మీకు బంధుత్వం ఉంది కదా. మీ నిష్పాక్షికతనే వేలెత్తి చూపిస్తారు. మీ మంచికే చెప్తున్నా.”

నేను చెప్పవలసిన మాట ఆయనే చెప్పేశారు. తప్పుబట్టడానికీ లేదు.

జూన్ 30

రాశాను. మూడుసార్లు చింపి రాశాను. ఏరి వాడిన క్రియలు, ఆకాశం ఫొటోలు, ఫిబ్రవరి తారుమారు. చివర ఒక పేరా — ‘కాలవ నీళ్ళ గురించిన వార్తలో, రైతు మాట్లాడుతుండగా పక్కన ఎవరు నిలబడ్డారన్న సంగతి పాఠకుడికి చెప్పలేదు. ఆ రైతు నాకు బంధువు. అయినా ఈ మాట చెప్పక తప్పదు.’ ఊరు లేదు, పేరు లేదు, మడి ఎండిందన్న మాటా లేదు.

స్వప్న పేరు రానివ్వలేదు. అయినా ఆఫీసులో ఊహించలేరా? ఆ అమ్మాయికి ఫోన్ చేద్దామని తీసి, పెట్టేశాను.

శీనుకూ చెప్పలేదు.

జూలై 3

సంచిక వచ్చింది. నిలబడే చదివాను. చెప్పినట్టే — అక్షరం మార్చలేదు. ఆ చివరి పేరా కూడా ఉంది, కామాతో సహా.

పైన హెడ్డింగు మాత్రం నాది కాదు. ‘లోపాలున్నా... మన వీక్లీ ఎవరి పక్షమూ కాదు!’

ఫోన్ చేశాను. “హెడ్డింగులు డెస్కు వాళ్ళు పెడతారండీ. మీరు రాసింది మార్చనన్నాను, మార్చానా?”

మార్చలేదు.

మా ఆయన చదివి, “మొత్తానికి గవర్నమెంటుకే సర్టిఫికెట్ ఇచ్చావ్.” స్టాఫ్‌రూములో సుజాత, గొంతు తగ్గించి — “ప్రతిపక్షానికి మంచి సాయం చేశారు మేడమ్.”

జూలై 6

స్వప్న ఫోన్ ఎత్తడం లేదు.

జూలై 8

పొద్దున్నే శీను. గొంతులో సంతోషం ఉంది, దాని వెనక ఇంకేదో కూడా ఉంది.

“తెల్లారుతూనే షట్టరు ఎత్తారక్కా. బోదె నిండా నీళ్ళు. ప్రెసిడెంటే వచ్చి గట్టు మీద నుంచుని, ‘మీ అక్కగారు బాగున్నారా’ అని అడిగాడు.”

“నువ్వేమన్నావ్?”

“బాగుందన్నాను.” వెనక నీళ్ళ చప్పుడు. “అక్కా, ఈ నీళ్ళు... నువ్వు రాసినందుకా, రాయనందుకా?”