కాలవలు కట్టేశాక

11 ఫిబ్రవరి 2003

ఈరోజు కూడా ఐఎస్ఓ ఫైలే. మా పురుగుమందుల పరిశోధనా కేంద్రానికి ఐఎస్ఓ 14001 సర్టిఫికెట్ రావాలట. పర్యావరణ అధికారిని నేనే కాబట్టి ఆ రాతకోతలన్నీ నావే. ఇంకోపక్క కొత్త ల్యాబ్ బ్లాక్‌కి పర్యావరణ ఇంపాక్ట్ రివ్యూ నడుస్తోంది. అది కన్సల్టెంట్ గారి పని. ఆయన ఫైలు నాకు చూపించరు, నా ఫైలు ఆయన అడగరు. బ్లాక్ వస్తే ఏమవుతుందో ఒకరు ఊహించి రాయాలి. వచ్చాక ఏమవుతోందో ఇంకొకరు చూడాలి. ఇద్దరం ఒకే క్యాంటీన్‌లో టీ తాగుతాం. నవ్వొచ్చింది కానీ నవ్వే ఓపిక లేదు.

రెండూ కలిపేద్దామని డైరెక్టర్ రామకోటేశ్వరరావు గారికి నోట్ పెట్టాను. రివ్యూలో ఇచ్చిన ప్రతి మాటనీ మా ఐఎస్ఓ సిస్టమ్‌లో చేర్చి నెలనెలా తనిఖీ చేయాలని రాశాను.

25 ఫిబ్రవరి

ఒప్పుకున్నారు. ఇన్నాళ్లూ ఈ ఆలోచన ఎవరికీ రాలేదేంటమ్మా నుస్రత్ అన్నారు. పటమటలో బస్సు దిగి మిఠాయి కొనుక్కెళ్లాను. హుమాయూన్ అప్పుడే కొండపల్లి థర్మల్ స్టేషన్‌లో డ్యూటీ దిగి వచ్చాడు. ఆఫీసులో మెచ్చుకున్నారంటే భయపడాలి, మిఠాయి మటుకు తిందాం అన్నాడు. పెళ్లయినప్పటి నుంచీ ఇంతే, నా సంతోషం మీద రెండు చుక్కలు నీళ్లు చల్లందే అన్నం తినడు.

7 మార్చి

హుమాయూన్ అన్నట్టే అయింది.

కన్సల్టెంట్ గారి రివ్యూ ఇవాళ చేతికొచ్చింది. ఆయన మా కేంద్రం వెనక కాలవను చూసింది సెప్టెంబర్‌లో. అప్పుడు నిండుగా పారుతోంది. బ్లాక్ నుంచి వచ్చే కడుగునీళ్లు ఆ పారుదలలో పలచబడి పోతాయని రాశారు. ఆయనా ఈ జిల్లావాడే. వేసవి రాగానే ఎగువన నీళ్లు ఆపి కాలవలు కట్టేస్తారని చిన్నప్పటి నుంచీ చూసినవాడే. కానీ ఫారంలో ఆ మాట రాసే గడి లేదు.

కాలవ కట్టేశాక కూడా ఒకసారి రివ్యూ చేయాలండీ అన్నాను. డైరెక్టర్ గారు నా నోట్ తీసి నాకే చూపించారు. రెండూ కలిపేశాం కదమ్మా, ఇంక మళ్లీ రివ్యూ ఎందుకు, నెలనెలా మీరే చూస్తారుగా అన్నారు.

రివ్యూ మీద సంతకం పెట్టాను. ఒళ్లు మండిపోతోంది. ఆయన మీదో నా మీదో తేల్చుకోలేకపోతున్నాను.

18 మార్చి

కట్టడం పూర్తయిన కొత్త బ్లాక్‌లో పని మొదలైంది. కొబ్బరికాయ కొట్టారు.

12 ఏప్రిల్

కాలవలు కట్టేశారు. కాలవలోకి కడుగునీళ్లు వదిలే మా గొట్టం కింద మడుగు కట్టింది. పైన నురుగు. అక్కడ నిలబడలేనంత వాసన. ఈ నీళ్లకి శుద్ధి ట్యాంకు ఎప్పుడు కడతారండీ అని డైరెక్టర్ గారిని అడిగాను. ముందు ఐఎస్ఓ ఆడిట్ కానివ్వమ్మా అన్నారు. నెల తనిఖీలో రాశాను. రాయడం వరకే నా పనిలా ఉంది.

29 ఏప్రిల్, ఉదయం

గాజుసామాను కడిగే శౌరమ్మ సంబరంగా వచ్చింది. రేపు కాలవకి నీళ్లు వదులుతున్నారంట మేడమ్ గారూ, మా ఊరి మంచినీళ్ల చెరువు నింపేసుకుంటే కాలవలు మళ్లీ వచ్చేదాకా బెంగలేదు అంది. వాళ్ల ఊరు మా గొట్టానికి దిగువనే.

వదిలిన నీళ్లు ముందు మా మడుగును తోసుకుంటూ పోతాయి. నేరుగా వాళ్లు తాగే చెరువులోకి.

29 ఏప్రిల్, సాయంత్రం

బ్లాక్ ఆపి మడుగు తోడిద్దామంటే, ఆడిట్ ముంగిట్లో గొడవలొద్దమ్మా అన్నారు డైరెక్టర్ గారు. బతిమాలాను. వినలేదు.

మా మాన్యువల్‌లో ఒక వాక్యం ఉంది. ప్రమాదం కనబడితే పర్యావరణ అధికారి పని ఆపవచ్చు అని. ఎక్కడిదో నమూనా చూసి నేను దించిన వాక్యమే. ఎవరైనా వాడతారని కలలో కూడా అనుకోలేదు. ఇవాళ వాడాను. బ్లాక్ ఆపించాను, గొట్టం మూయించాను, ట్యాంకర్ తెప్పించి మడుగు తోడించాను. అడుగు బురద మాత్రం అలాగే ఉండిపోయింది.

డైరెక్టర్ గారు నా వైపు చూడకుండానే కారెక్కారు.

30 ఏప్రిల్

మొదట వచ్చే నీళ్లు దిగువకి పోనిచ్చి, తర్వాత చెరువు తూము తీయమని చెబుదామని పొద్దున్నే వాళ్ల ఊరు వెళ్లాను. అప్పటికే తూము తీసేశారు. నీళ్లు కనబడ్డాక ఆగేవాళ్లెవరు? మూసేయండని దండం పెట్టాను. మీ కంపెనీ పారబోసింది మేం తాగాలా అని ఒకావిడ మొహం మీదే అడిగింది. చివరికి శౌరమ్మే అందరినీ కసిరి మూయించింది. నీళ్లు తేటబడ్డాక మళ్లీ తీశారు.

కానీ ముందొచ్చినవి కొన్ని లోపలికి వెళ్లిపోయాయి. చెరువు నీళ్లు సీసాలో పట్టి గవర్నర్‌పేటలో ఒక ల్యాబ్‌కి ఇచ్చాను. రిపోర్ట్ వచ్చేదాకా తాగొద్దన్నాను. మరి ఏం తాగమంటారు అన్నారు. మా కేంద్రం రోజూ మంచినీళ్ల ట్యాంకర్ పంపుతుందని మాటిచ్చేశాను. ఎవరినీ అడక్కుండానే.

6 మే

ఆడిట్. పని ఆపే అధికారం ఎప్పుడైనా వాడారా అని ఆడిటర్ అడిగారు. ఎందుకు వాడలేదండీ, మొన్ననే వాడాం అన్నారు డైరెక్టర్ గారు, తనే దగ్గరుండి ఆపించినట్టు. రివ్యూనీ సిస్టమ్‌నీ ఇంత చక్కగా కలిపిన కేంద్రాన్ని చూడలేదని ఆడిటర్ మెచ్చుకున్నారు. చప్పట్లు. నాకు తలనొప్పి.

13 మే

రిపోర్ట్ వచ్చింది. చెరువు నీళ్లలో పురుగుమందు పరిమితి లోపే ఉందట. లేదని కాదు. పరిమితి లోపే.

హుమాయూన్, ఇంకా ఆ మొహం ఏంటి, మంచి వార్తేగా అన్నాడు. అవును, మంచి వార్తే.

14 మే

శౌరమ్మ ఇంటికి వెళ్లి, ఇక ట్యాంకర్ నీళ్లు అక్కర్లేదు, చెరువు నీళ్లు తాగొచ్చని చెప్పాను. రిపోర్ట్ ఇవ్వబోతే చూడలేదు. లోపలికెళ్లి గ్లాసు నిండా ఆ నీళ్లే తెచ్చింది. ముందు మీరు తాగండి మేడమ్ గారూ, తర్వాత పిల్లలకిస్తాను అంది.

పిల్లలు నా గొంతు వైపే చూస్తున్నారు.

తాగాను.