లిచ్‌ఫీల్డ్ రాతి మడుగు

స్కోఫీల్డ్స్, సిడ్నీ
ఆదివారం

ప్రియమైన అక్కకు,

నీ చెల్లెలు రాధిక నమస్కరించి రాసేది. ఇక్కడ నేనూ, మీ మరిదిగారూ, మేఘనా ముగ్గురమూ క్షేమంగా ఉన్నాం. ఈ మాట మర్యాదకి రాయడం లేదు. ఉత్తరం మధ్యలో నీకు కంగారు పుడితే మళ్ళీ ఇక్కడికి వచ్చి ఇదే చదువుకో. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? బావగారి బీపీ అదుపులో ఉందా? కంటి ఆపరేషన్ అయ్యాకైనా అమ్మ టీవీ చూడటం తగ్గించిందా?

రోజూ మాట్లాడుకుంటూనే ఉన్నాంగా, ఈ ఉత్తరమేమిటి అనుకుంటావు. ఫోనైతే నువ్వు స్పీకర్ పెడతావు, పక్కన అమ్మ ఉంటుంది. ఇది అమ్మ వినకూడదు. 

మేఘన స్కూలు చలికాలం సెలవుల్లో, ఉత్తరం కొసనున్న డార్విన్ వెళ్ళామని చెప్పాను కదా. సిడ్నీలో ఒకటే చలి. ఆఫీసులో హీటర్ పక్కన కూర్చున్నా నా వేళ్ళు కొంకర్లు పోతుండేవి. డార్విన్‌లో విమానం దిగగానే మన బాపట్ల గాలి తగిలినట్టయింది అక్కా. అరటి చెట్లు, మామిడి చెట్లు, చెమట! నాకు ప్రాణం లేచొచ్చింది. అయితే ఎదురుగా అంత సముద్రం ఉన్నా ఎవరూ దిగరు. మొసళ్ళట. ఈత కొట్టాలంటే సముద్రానికి దూరంగా, లోపలున్న లిచ్‌ఫీల్డ్ పార్కుకి వెళ్ళాలి. అక్కడ వాగు రాళ్ళ మీద నుంచి దిగుతూ ఒకదాని కింద ఒకటి బావుల్లాంటి మడుగులు తొలిచింది. ఆ నీళ్ళలో మొసళ్ళు లేవని చూసుకున్నాకే జనాన్ని రానిస్తారు.

దారిలో చెద పుట్టలు చూశాం. మనిషికి రెండింతల ఎత్తున, పలకల్లా నిలబడి ఉంటాయి. మీ మరిదిగారు "నాగుల చవితికి ఇక్కడికొస్తే పాలు ట్యాంకర్‌లో తేవాలి" అన్నారు. మేఘన పడీపడీ నవ్వింది. ఆ నవ్వే ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

మడుగు దగ్గర నీళ్ళు అద్దంలా ఉన్నాయి. అడుగున గులకరాళ్ళు కూడా కనిపిస్తున్నాయి. మేఘన ఇక్కడ చిన్నప్పటి నుంచీ ఈత నేర్చుకుంది కాబట్టి చేపలా తిరుగుతోంది. మా ఇద్దరికీ ఈత రాదని నీకు తెలుసు. రేపల్లె కాలువ పక్కనే పుట్టినా వాళ్ళమ్మ ఆయన్ని కాలువ గట్టు ఎక్కనివ్వలేదు. అంచున కాళ్ళు పెట్టుకుని కూర్చుందామని ముందే అనుకున్నాం.

మేఘన ఒడ్డుకొచ్చి తువ్వాలు చుట్టుకుంటుంటే ఆయన లేచారు. "నడుము లోతేగా రాధీ, అడుగు కనపడుతూనే ఉంది. ఒక్కసారి దిగి వస్తా" అన్నారు. నేను వద్దనేలోపే పాచి రాయి మీద కాలు వేశారు.

జారడం చూశాను. అది నడుము లోతు కాదు, నిలువు లోతుకి మించి ఉంది. ఆ తర్వాత తల కనిపించలేదు. నీళ్ళు అంత తేటగా ఉన్నాయి కదా, ఆయన నీళ్ళ కింద ఉండటం కనిపించింది. కళ్ళు తెరిచే ఉన్నాయి. చేతులు పైకి చాచి మెట్లెక్కుతున్నట్టు కాళ్ళు ఆడిస్తున్నారు.  దూకుదామని ముందుకు వంగాను.

"అమ్మా, నో! యూ కాంట్ స్విమ్!" అని మేఘన నన్ను వెనక్కి తోసింది. "గివ్ మీ యువర్ చున్నీ! క్విక్!"

నాకు అర్థం కాలేదు. తనే నా మెడలోంచి లాగేసుకుంది. నువ్వు పెట్టిన మంగళగిరి చున్నీ. రాతి మీద బోర్లా పడుకుని "హోల్డ్ మై లెగ్స్" అంది. పట్టుకున్నాను. మునిగేవాళ్ళ దగ్గరికి వెళ్ళొద్దు, ఏదైనా అందించమని స్కూల్లో నేర్పారట. మొదటిసారి విసిరితే అందలేదు. ఆయన తల ఒకసారి పైకొచ్చి మళ్ళీ పోయింది. "డాడీ! డాడీ, ఇటు! పట్టుకో!" అని అరిచింది, తెలుగులో. మనతో ఎప్పుడూ ఇంగ్లీషులోనే బదులిచ్చే పిల్ల. రెండోసారి ఆయన చేతికి చున్నీ అందింది.

అందింది గానీ పైకి లాగే బలం మాకేదీ? నేను కాళ్ళు పట్టుకున్నా మేఘన ముందుకే జారిపోతోంది. మొగుణ్ణి లాగనా, బిడ్డని ఆపనా అక్కా? నాకున్నవి రెండే చేతులు. ఇంతలో కింది మడుగులోంచి ఒళ్ళంతా పచ్చబొట్లున్న పెద్దాయన రాళ్ళ మీదుగా పరుగెత్తుకొచ్చాడు. నీళ్ళలో దిగి మీ మరిదిగారిని చంకల కింద పట్టి ఒడ్డుకి చేర్చాడు. "యువర్ గర్ల్ డిడ్ ఇట్, మేట్" అని మీ మరిదిగారి వీపు తట్టి వెళ్ళిపోయాడు. మేం అతని పేరు కూడా అడగలేదు.

ఆయన దగ్గి, కక్కి, తేరుకున్నారు. ఆసుపత్రిలో ఛాతీ చూసి ఏమీ లేదన్నారు. నిజంగా ఏమీ లేదు, బెంగపడకు. ముందే బుక్ చేశామని మర్నాడు మొసళ్ళని చూపించే పడవ కూడా ఎక్కాం. కర్రకి మాంసం కట్టి చూపిస్తే మొసళ్ళు నిలువునా ఎగురుతాయి. అందరూ ఫోటోలు తీసుకుంటున్నారు. మేఘన మాత్రం వాళ్ళ నాన్న చొక్కా పట్టుకుని, దిగేదాకా వదల్లేదు.

అసలు చెప్పాలనుకున్నది ఇది. ఇంటికొచ్చాక కూడా మేఘన ఆయన్ని వదలడం లేదు. పొద్దున ఆయన స్నానానికి వెళ్తే బాత్రూం తలుపుకి ఆనుకుని కూర్చుంటుంది. మొదట్లో ఆయన విసుక్కున్నారు, "షవరేగా తల్లీ, ఇందులో ఎవరైనా మునుగుతారా?" అని. అది కదల్లేదు. దగ్గరికి తీసుకోబోతే నన్ను నెట్టేస్తుంది. స్కూల్లో కౌన్సెలర్‌తో మాట్లాడించాం, కొంత టైం ఇవ్వమంది. ఎంత టైమో చెప్పలేదు. పదేళ్ళ పిల్ల మోసిన బరువుని దాని భుజం మీద నుంచి దించడం తల్లినై ఉండీ నాకు చేతకావడం లేదు. నువ్వు ఇద్దర్ని పెంచినదానివి. ఏం చెయ్యాలో నీకు తోస్తే నా ఒక్కదానికే మెసేజ్ పెట్టు.

బావగారికి నమస్కారాలు. పిల్లలకి ముద్దులు. అమ్మకి మాత్రం డార్విన్ బాగుందని, మన ఊరిలాగే ఉక్కగా ఉందని చెప్పు. నీ ఆశీర్వాదం మేఘనకి కావాలి, దాన్ని తలుచుకుని ఒక దీపం పెట్టు.

ఇది రాస్తుంటే ఆయన స్నానం చేస్తున్నారు. ఎక్కువ మాట్లాడని మనిషి ఇప్పుడు బాత్రూంలో ఉన్నంతసేపూ గట్టిగా ఏదో ఒకటి చెబుతూనే ఉంటారు, రేపల్లె కాలువలో గేదెలు ఎలా ఈదేవో, వాళ్ళమ్మ గట్టు మీద బెత్తం పట్టుకుని ఎలా నిలబడేదో. మొహానికి సబ్బు రాసుకున్నప్పుడు మాట ఆగుతుంది. వెంటనే తలుపు మీద చప్పుడు.

"డాడీ? డాడీ?"

"ఉన్నానమ్మా. ఇక్కడే ఉన్నా."

నీ చెల్లెలు,
రాధిక