కాటా మీద కోటేశ్వరమ్మ

చిలకలూరిపేట
2-2-86

ప్రియమైన మాణిక్యానికి,

డాక్టరు గారి దగ్గర నర్సువి, నాకో దారి చెప్పు. దసరాకి మా జిన్నింగు మిల్లులో మిషన్లకి పూజయ్యాక మా ఆయన నన్ను పత్తి బస్తాలా కాటా ఎక్కించి, "ఎనభై నాలుగు కిలోలు, నిండు బోరెం" అని రైతులందరికీ వినపడేలా చదివాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఆ నవ్వే నన్ను కాలుస్తోంది. ఉగాదికి అరవై అయి అదే కాటా ఎక్కుతా, ఆయన నోటితోనే చదివిస్తా.

రోజుకి రెండు జొన్నరొట్టెలు, మజ్జిగ. డెబ్బై అయిదుకి దిగాను. ఆరు వారాలుగా అక్కడే ఆగిపోయాను. పస్తులున్నా ముల్లు కదలడం లేదు.

నీ కోటేశ్వరమ్మ

బ్రాడీపేట, గుంటూరు
5-2-86

ప్రియమైన కోటీ,

పస్తులు మానెయ్. తక్కువ తిండికి అలవాటుపడితే ఒళ్ళు ఉన్నది దాచుకుంటుందట, మా డాక్టరు గారి మాట. ఆదివారం ఒక్కరోజు కడుపునిండా తిను. సోమవారం నుంచి మళ్ళీ నీ రొట్టెలే. ఈసారి ఇక్కడికొచ్చి మా మిషన్ మీద చూసుకో.

మీ ఆయన మీద నాకూ ఒళ్ళు మండుతోందే.

నీ మాణిక్యం

చిలకలూరిపేట
11-2-86

మాణిక్యమ్మకి,

ఇక నీ సలహాలకో దండం. శనివారం మా కాటా మీద డెబ్బై అయిదు. ఆదివారం గోంగూర, కోడికూర, గారెలు తిన్నాను. సోమవారం మీ క్లినిక్కి వస్తే నువ్వు సెలవు, మిషన్ మీద ఎనభై. ఒక్క రోజు తిండికి అయిదు కిలోలు. బస్సులో ఏడుస్తూ వచ్చాను. నీకు చేతనైతే నా ఆరు వారాలు తిరిగివ్వు.

కోటేశ్వరమ్మ

బ్రాడీపేట
14-2-86

కోపిష్టి కోటీకి,

ఒక్క రోజులో అయిదు కిలోల ఒళ్ళు ఎవరికీ రాదు. మా మిషన్ని నెలనెలా రాళ్ళు పెట్టి సరిచూస్తాం. మీ కాటాని ఎవరు సరిచూస్తారు? బుధవారం రా. ఇక్కడ తూగి, ఆ సాయంత్రమే అక్కడా తూగు. ఆ తర్వాత నన్ను తిట్టు.

మాణిక్యం

చిలకలూరిపేట
21-2-86

ప్రియమైన మాణిక్యానికి,

నిన్ను తిట్టిన నోరు కడుక్కుని రాస్తున్నాను. బుధవారం నీ దగ్గర డెబ్బై తొమ్మిది. ఆగిన బరువు కిలో దిగిందని నువ్వు సంబరపడి చీటీ రాసిచ్చావు. సాయంత్రం మా కాటా మీద డెబ్బై నాలుగు. రైతుల పత్తిలో కొట్టే అయిదు కిలోలు దసరానాడు నా బరువులోనూ కొట్టేశాడన్న మాట.

నిన్న పత్తి బండ్లు వరసగా ఆగాయి. అయిదో బండి మా నాన్న బుల్లయ్యది. పదకొండేళ్ళుగా అల్లుడి కాటా అని ఆయన ముల్లు వంక కూడా చూడలేదే. ఉగాది దాకా ఆగలేకపోయాను, వెళ్ళి కాటా ఎక్కాను.

"దిగవే, పరువు తీస్తావా" అన్నాడు మా ఆయన.

"దసరాకి మీరు చదివారు. ఇవాళ మా నాన్న చదువుతాడు," అన్నాను.

నాన్న కళ్ళజోడు పెట్టుకుని డెబ్బై నాలుగని చదివాడు. నీ చీటీ చేతికిచ్చాను. బుధవారం తారీఖు, డెబ్బై తొమ్మిది అని అదీ పైకే చదివాడు. ఎవరూ నవ్వలేదు. నాన్న ఎద్దుల్ని వెనక్కి తిప్పాడు. మిగతా బండ్లూ ఆయన వెనకే వెళ్ళాయి. ఇవాళ మిల్లుకి ఒక్క బండీ రాలేదు.

నిన్న మా ఆయన అన్నం ముట్టుకోలేదు. ఆయన ఎదురుగానే కూర్చుని గోంగూరలో నెయ్యి పోసుకుని కడుపునిండా తిన్నాను. నిన్న ఆదివారం కూడా కాదు, గురువారం.

నీ కోటి