వెనక బల్లకు వినిపించే పాట

రియో, 1960 జులై 8

దీవించండి నాన్నా. నిన్న మధ్యాహ్నం మూడింటికి నా పాట సినిమాకు ఖాయమైంది.

స్టూడియోలో మొదట మీరు చర్చిలో నేర్పినట్టే గొంతెత్తాను. రికార్డింగు చూసే ఎవరాల్డో గారు ఆపేశారు. "మైకుకు చెవుడు లేదు తల్లీ. ఇంట్లో ఎలా పాడతావో అలా పాడు." కింది ఫ్లాటావిడ చీపురుకర్రతో తన పైకప్పు పొడవకుండా రోజూ పాడుకునే గొంతుతోనే పాడాను. "ఇదీ బోసా నోవా అంటే, ఈ కొత్త తరహా పాట. ఇప్పుడు జనం అడిగేది ఇదే" అన్నారాయన. మళ్లీ పాడించలేదు.

ఇక్కడి జులై చలికి నా ఉన్ని శాలువా పంపండి. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా?

చర్చిలో వెనక బల్లకు వినబడనిది పాటే కాదని మీరంటారు కదా. సినిమా మన ఊరి హాలుకు ఆగస్టు 28, ఆదివారం నాలుగు గంటల ఆటకు వస్తుంది. మీరు చివరి వరసలోనే కూర్చోండి.

మీ జుసారా