దూరం పోయే మడత సైకిల్

మహూజ్, బహ్రెయిన్,
7 నవంబరు 2008, శుక్రవారం.

ప్రియమైన చెల్లి క్రిస్టీనాకు,

ప్రభువు కృప నిన్ను విడిచిపెట్టకుండా కాయాలని ప్రార్థిస్తూ నీ అక్క రోజీ రాస్తున్నది. ఇక్కడ నా ఆరోగ్యం బాగానే ఉంది. నువ్వెలా ఉన్నావో మాత్రం తెలియడం లేదు. రంజాన్‌కు ముందు ఒకసారి ఫోన్ చేశావు, అంతే. నేను రాసిన రెండు ఉత్తరాలకూ జవాబు లేదు. మీ మేడమ్ ఇంటికి ఫోన్ చేస్తే ఎవరో ఆడమనిషి ఎత్తి, నీ పేరు వినగానే పెట్టేస్తున్నది. ఇక్కడి మా తెలుగు ఫెలోషిప్‌లో సంఘపెద్ద విక్టర్ గారు కువైట్‌లో తనకు తెలిసినవాళ్ల చేత వాకబు చేయించారు. వాళ్లు సల్వాలో మీ ఇంటి తలుపు కొడితే, ఈ ఇంట్లో పనిమనిషి ఎవరూ లేరని చెప్పి పంపేశారట.

ఆ మాట విన్నప్పటి నుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను. కడిగిన గిన్నెలే మళ్లీ కడుగుతున్నాను. మడతపెట్టిన బట్టలు విప్పి మళ్లీ మడతపెడుతున్నాను. మా ఇంటి అమ్మగారిని మామా అంటానని నీకు తెలుసు కదా. ఆమె చూసి, ఆ ప్లేట్లమీద పువ్వులు కూడా చెరిగిపోతాయి, ఇక చాలించమన్నది.

ఇక్కడి కబుర్లు రాస్తాను. రాస్తుంటే కాసేపు చెయ్యి నిలకడగా ఉంటుంది.

మామా భర్త, మా బాబా, రిటైరై ఇంట్లో ఉంటున్నాడు. దేశానికి వెళ్లిపోతున్న ఒక ఇంగ్లీషాయన దగ్గర కారవాన్ కొన్నాడు. వ్యాను లాంటి పెద్ద బండి, లోపలే మంచం, పొయ్యి, సింకు, స్నానాల గది. దాంట్లో సౌదీ మీదుగా జోర్డాన్, సిరియా, టర్కీ తిరిగి రావాలని ఇద్దరికీ ముచ్చట. వాళ్లతో నేనూ వెళ్లాలి. మామాకు మోకాళ్ల నొప్పులు, బాబాకు పోయినేడు గుండె ఆపరేషన్. అంత పెద్ద బండి సందుల్లోకి పోదు. ఏ సముద్రం ఒడ్డునో ఆపుకుంటే, రొట్టెకో మందుబిళ్లకో ఊళ్లోకి ఎవరు వెళ్లాలి? అందుకని బండిలో పట్టేలా ఒక మడత సైకిల్, బ్యాటరీతో నడిచేది, కొనాలని తేల్చారు. తొక్కేది నేను. చిన్నప్పుడు పాలకొల్లులో పాలు పోసిన సైకిల్ తప్ప నాకు మరొకటి తెలియదని చెప్పినా బాబా వినలేదు.

ఉమ్మ్ అల్ హస్సామ్‌లో ఒక కొట్టువాడు అలాంటివి చైనా నుంచి తెప్పిస్తాడు. ముగ్గురం వెళ్లాం. బాబా సంగతి నీకు రాశాను కదా, కొనడంకన్నా ఎంచడంలోనే ఆయనకు ఆనందం. టేపు తీసుకొచ్చి చక్రాలు కొలిచాడు, తాళాలు లాగి చూశాడు, బ్యాటరీ ఎండకు ఉబ్బుతుందా అని అడిగాడు. ఎండలో మూసి ఉన్న అరలో పెట్టకూడదని, రాత్రి లోపలికి తెచ్చి ఛార్జి చేసుకోవాలని కొట్టువాడు చెప్పాడు.

చివరికి రెండు మిగిలాయి. ఒకటి బూడిద రంగుది. తేలిక. ఒంటిచేత్తో ఎత్తి పెట్టొచ్చు, సూట్‌కేసులా మడతపడుతుంది, కారవాన్ వెనక అరలో కొలిచినట్టు సరిపోతుంది. కానీ పదిహేను కిలోమీటర్లు పోతే బ్యాటరీ అయిపోతుంది. రెండోది ఎర్రది, బరువు, మడతపెట్టినా పొట్ట ముందుకు పొడుచుకొని ఉంటుంది. అది ముప్పై ఐదు దాకా పోతుందట.

బాబా బూడిద రంగుది అన్నాడు. మామా కూడా అదే అన్నది. నేను ఎర్రది అన్నాను.

ఇద్దరూ నన్నే చూశారు. ఇన్నేళ్లలో ఆ ఇంట్లో ఫలానాది కావాలని నేను నోరు తెరిచి అడగలేదు. బాబాకు కోపం రాలేదు, వింతగా అనిపించింది. రొట్టెల కొట్టు ఎక్కడైనా ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉంటుందా అని అడిగాడు. దారి తప్పితే తిరిగి రావాలి కదా అన్నాను. ఆ మాట నాకే అతకలేదు.

కొట్టు వెనక ఖాళీ స్థలంలో తొక్కి చూడమన్నారు. మొదట తూలాను. తర్వాత అది దానంతటదే లాక్కెళ్లింది. క్రిస్టీనా, ఇక్కడికి వచ్చాక నేను ఒక్కదాన్నే ఎటూ వెళ్లింది లేదు. చర్చికి బాబా దించుతాడు, బాబానే తీసుకొస్తాడు. ఆ స్థలం చివర గోడ లేదు, రోడ్డు ఉంది. చక్రం ఆ రోడ్డుమీదికి తిప్పేశాను. వెనక బాబా పిలుస్తున్నాడు. వినబడుతూనే ఉంది. సిగ్నల్ దాకా వెళ్లి, ఎర్ర దీపం దగ్గర కాలు ఆనించి నిలబడ్డాక, ఎటు పోతున్నానా అని భయం వేసింది. తిరిగి వచ్చేసరికి మామా నోటికి ముసుగు అంచు అడ్డం పెట్టుకొని నిలబడింది.

అంతా అయ్యాక, సరే, దాన్ని ఎత్తి అరలో పెట్టి చూపించు అన్నాడు బాబా. కారవాన్ కొట్టు ముందే ఉంది. మడతపెట్టాను, ఎత్తాను. సగం దాకా వెళ్లి అంచుకు తట్టుకొని నామీదే పడింది. మోకాలు చీరుకుపోయింది. మళ్లీ ఎత్తాను. అర తలుపు పడలేదు. ఇక ఖలాస్, బూడిద రంగుదే అన్నాడు బాబా. నేను మూడోసారి ఎత్తబోయాను.

మామా నా చెయ్యి పట్టుకొని కారవాన్ లోపలికి తీసుకెళ్లింది. తలుపు వేసి, మోకాలికి మందు రాస్తూ అడిగింది.

“రోజీ, నిజం చెప్పు. ఎక్కడికి పోవాలి నీకు?”

చెప్పాను. మొదలుపెట్టడమే కష్టమైంది, తర్వాత ఆపడం రాలేదు. ఆమె మందు మూత పెట్టడం మరిచిపోయి వింటూ కూర్చుంది. చివరికి లేచి, తనకోసం ప్రత్యేకంగా చేయించుకున్న మడత కుర్చీలు రెండూ, టీ బల్లా పట్టుకొని బయటికి దిగింది. అవి ఇంట్లో ఉంటాయి, ఆ చోట్లో ఎర్రది పెట్టమని బాబాతో చెప్పింది. సముద్రం ఒడ్డున మరి దేనిమీద కూర్చుంటావని బాబా అడిగితే, ఇసుకమీద అన్నది. ఆ మోకాళ్లతోనా అని ఆయన గొణిగాడు. అయినా ఎర్రదే కొన్నాడు.

ఆమెకు నేనేం చెప్పానో ఇప్పుడు రాయలేను. జరిగిందంటే రాస్తాను. జరగకముందు కాగితంమీద పెట్టడానికి భయంగా ఉంది.

వేళకు తిను. ఎవరేమన్నా ఎదురుమాట అనకు. నీ కోసం పొద్దునా సాయంత్రమూ మోకరిస్తున్నాను.

ప్రభువునందు నీ క్షేమం కోరే అక్క,
రోజీ

తా.క. 21 నవంబరు, శుక్రవారం, కువైట్.

ఈ ఉత్తరం పోస్టులో రాలేదు. కవరుమీద స్టాంపు లేదు, చూడు.

ఆ రోజు మామాతో చెప్పింది ఇదే. మీ దారి ఎటు పోయినా ఒక్కసారి కువైట్ మీదుగా పోనివ్వండి, మా చెల్లి బతికి ఉందో లేదో నా కళ్లతో చూసుకోవాలి అన్నాను. బాబా చెల్లెలు ఇక్కడే ఫింతాస్‌లో ఉంటుంది. ముందు ఆమెను చూసి ఆ తర్వాతే జోర్డాన్ అని మామా పట్టుబట్టింది. అక్కడి నుంచి సల్వా దాదాపు పదిహేను కిలోమీటర్లు. పోవాలి, రావాలి. బూడిద రంగుది నన్ను మీ ఇంటిదాకా తెచ్చి వదిలేసేది.

ఆడపడుచు కారులో దింపిస్తానని మామా అన్నది. వద్దన్నాను. ముందే పెద్దవాళ్లు వచ్చి అడిగితే, నిన్ను మరో ఇంటికి పంపేసి, లేదనే చెబుతారని భయం. మనిషి ఉందని నేను కబురు చెబితే, ఆమె, బాబా వచ్చి మీ మేడమ్‌తో మాట్లాడతారు.

మీ గేటు కాపలా సోమరాజు మన రాజోలువాడేనట. నా తెలుగు విని లేచి నిలబడ్డాడు. నీ పేరు చెప్పగానే అటూ ఇటూ చూసి, “లోపలే ఉందండి. ఇంటికి పోతానని అడిగిన కాడినుంచి బయటికి రానివ్వట్లేదు” అన్నాడు. ఎర్రసైకిల్ గోడకు ఆనించి, ఆ గోడమీదే కాగితం పెట్టి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. గోడ గరుకుది, అక్షరాలు వంకరపోతున్నాయి. రొట్టెల సంచిలో పెట్టి దీన్ని వంటింట్లోకి అందిస్తానన్నాడు.

చదివాక మేడమీదికి పోయి, వీధివైపు కిటికీ దగ్గరికి రా. చెయ్యి ఊపొద్దు, పిలవొద్దు, ఊరికే నిలబడు. నేను కిందే ఉన్నాను.